బ్యాంకాక్‌లో నాలుగు రోజులు, ఇద్దరికి చేతి ఖర్చు

రోజుకు 3,000 బాత్ (థాయ్‌లాండ్ డబ్బు) కావాలా, ఏటీఎంలో రోజూ 2,000 చొప్పున తీద్దామా అని అడిగారు. హోటల్ ముందే కట్టేశారు కదా, రోజుకు 3,000 అక్కర్లేదండీ. బండి తిండి, ఫుడ్ కోర్టు కలిపి ఇద్దరికి 700, నీళ్లు, పండ్లు, టీకి 200, రైళ్లకూ పడవలకూ 400. రోజుకు 1,300 చాలు. నాలుగు రోజులకు 5,200.

చూసే చోట్ల టికెట్లు ఇందులో కలపకండి, లెక్క తప్పేది అక్కడే. గ్రాండ్ ప్యాలెస్ మనిషికి 500, వాట్ ఫో గుడి 300, వాట్ అరుణ్ గుడి 200, ఇద్దరికి 2,000. సువర్ణభూమి విమానాశ్రయం నుంచి ఊళ్లోని ఫయా థాయ్ స్టేషన్‌కి రైలు తలకు 45, రానూపోనూ ఇద్దరికి 180. మొత్తం 7,380.

రోజూ 2,000 చొప్పున తీద్దామన్న ఆలోచన మానుకోండి. విదేశీ కార్డుకు ఏటీఎం ప్రతిసారీ 220 బాత్ లేదా ఇంకా ఎక్కువే కోస్తుంది, మన బ్యాంకు ఛార్జీ వేరే. ఒకేసారి 9,900 తీయండి. 10,000 కొడితే అన్నీ వెయ్యి నోట్లే వస్తాయి. నూడుల్స్ బండి దగ్గర, ట్యాక్సీలో వాటికి చిల్లర దొరకదు. వెయ్యి నోటు సెవెన్ ఎలెవెన్ దుకాణంలో మార్చుకోండి. మిగిలే 2,520 ట్యాక్సీకి, అత్యవసరానికి.

మెషిన్ తెరమీద రూపాయల్లో రేటు చూపించి ఒప్పుకోమంటుంది. ‘వితౌట్ కన్వర్షన్’ నొక్కండి. ఒప్పుకుంటే ఆ ఏటీఎం వాళ్ల రేటు పడుతుంది, అది దాదాపు ఎప్పుడూ నష్టమే.

బండ్ల మీది క్యూఆర్ కోడ్ థాయ్ ఖాతాలది, మన యూపీఐని నమ్ముకుని వెళ్లకండి. శాకాహారులైతే పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో ‘జే’ అని ఉన్న బండి వెతకండి; మామూలు కూరగాయల వేపుడులోనూ చేప సాస్ పోస్తారు.