నాచెజ్‌లో ఒక్క రోజే ఉంటే ఏవి చూడాలి?

అమెరికాలో మిసిసిపీ నది ఒడ్డున ఉన్న నాచెజ్ పట్టణంలో ఒక్క రోజులో ఏవి చూడాలని అడిగారు. చాలామంది నేరుగా లాంగ్‌వుడ్‌కు వెళ్తారు. 1861లో అంతర్యుద్ధం మొదలై పనివారు వెళ్లిపోవడంతో, ఆ అష్టకోణ భవంతిలో కింది అంతస్తు మాత్రమే పూర్తయి, పై అంతస్తులు నేటికీ అసంపూర్ణంగానే మిగిలాయి. అది తప్పక చూడవలసినదే. అయితే అలాంటి భవంతి కట్టేంత సంపద ఎవరి చెమటతో వచ్చిందో తెలియాలంటే, ముందుగా ఫోర్క్స్ ఆఫ్ ది రోడ్‌కు వెళ్లాలని నా గట్టి అభిప్రాయం. వేలాది నల్లజాతీయులను బానిసలుగా అమ్మిన సంత అక్కడే ఉండేది. ఆ తరువాత, బానిసగా పుట్టి, విముక్తి పొంది, క్షురకవృత్తిలో స్థిరపడి, 1835 నుంచి 1851లో హత్యకు గురయ్యేవరకు దినచర్య రాసిన విలియం జాన్సన్ ఇంటిని చూడండి. సమయం మిగిలితే, నాచెజ్ తెగవారు నిర్మించిన మట్టి దిబ్బలున్న గ్రాండ్ విలేజ్‌కు కూడా వెళ్లవచ్చు.