సీ++, ఫోర్ట్రాన్, పీజీప్లాట్ కలిపి లింక్ చేస్తే ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’: దోషం ఎక్కడ వెతకాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు సంగతి ఇది. బుడమేరు నీటిమట్టాలను లెక్కగట్టే పాత ఫోర్ట్రాన్ కోడ్ మీ దగ్గర ఉంది. ఆ మట్టాలను పీజీప్లాట్ అనే, గ్రాఫులు గీసే లైబ్రరీతో గీసే ‘డ్రా_లెవెల్’ అనే సబ్‌రొటీన్ కూడా ఫోర్ట్రాన్‌లోనే ఉంది. మెయిన్ ప్రోగ్రాం మాత్రం సీ++లో రాశారు. విడివిడిగా అన్నీ కంపైల్ అవుతున్నాయి కానీ, సీ++ కంపైలర్ జీ++తో లింక్ చేసేసరికి, ఆ ముక్కలను ఒకే ప్రోగ్రాంగా కలిపే లింకర్ మూడు రకాల పేర్లు దొరకడం లేదని చెబుతోంది: బ్రాకెట్లలో ఫ్లోట్ పాయింటరు, ఇంట్ అని చూపిస్తూ డ్రా_లెవెల్, చివర ఒక అండర్‌స్కోరుతో పీజీప్లాట్ వారి పీజీఓపెన్, ‘_జీఫోర్ట్రాన్_’తో మొదలయ్యే మరికొన్ని. పీజీప్లాట్ లైబ్రరీని ఒక సీనియర్ పెన్‌డ్రైవ్ నుంచి తెచ్చుకున్నారు. కమాండులో ఇచ్చే ఫ్లాగులను ఎన్ని విధాలుగా అటూ ఇటూ మార్చినా ఫలితం లేదన్నారు.

ఫ్లాగులు మార్చడం కాసేపు ఆపి, ఆ మూడు పేర్లను అక్షరం అక్షరం చదవండి. అవి మూడు వేర్వేరు తప్పులు. ఏ పేరును ఏ కంపైలర్ అడుగుతోందో ఆ పేరు రూపమే చెబుతుంది.

బ్రాకెట్లలో ఆర్గ్యుమెంట్ల రకాలతో సహా కనిపించే పేరును అడుగుతున్నది సీ++ కంపైలర్. ఫంక్షన్ పేరులోకి ఆర్గ్యుమెంట్ల రకాలను కూడా చుట్టి పెట్టడం దాని అలవాటు, లింకర్ ఆ చుట్టను విప్పి మనకు చూపిస్తుంది. ఫోర్ట్రాన్ కంపైలర్ జీఫోర్ట్రాన్ అలా చేయదు. పేరును చిన్న అక్షరాల్లోకి మార్చి, చివర ఒక అండర్‌స్కోర్ తగిలించి వదిలేస్తుంది. అందువల్ల ఒకరు పెట్టిన పేరు ఒకటి, మరొకరు పిలిచిన పేరు మరొకటి అయింది. సీ++ వైపు ఎక్స్‌టర్న్ ‘సీ’ అని ప్రకటించడం, ఫోర్ట్రాన్ వైపు 2003 ప్రమాణంలో వచ్చిన బైండ్(సీ)ని వాడి పేరును మీరే నిర్ణయించడం, ఈ రెండూ కలిపి చేస్తే చిక్కు పోతుంది. పాత కోడ్ మొత్తాన్ని ముట్టుకోనక్కరలేదు. డ్రా_లెవెల్ ఒక్కదానికి పైన పది లైన్ల సబ్‌రొటీన్ రాసి, సీ++ నుంచి దాన్నే పిలవండి. పటం శీర్షికను రాసే పీజీల్యాబ్‌ను కూడా ఫోర్ట్రాన్ లోపలి నుంచే పిలవడం మేలు, ఎందుకంటే ఫోర్ట్రాన్‌లో ప్రతి స్ట్రింగ్ వెంట దాని పొడవు ఆర్గ్యుమెంట్ల చివర కంటికి కనబడకుండా వెళుతుంది. సీ++ నుంచి నేరుగా పిలిచినప్పుడు ఆ పొడవును మనమే పంపాలి, పైగా జీసీసీ (జీ++, జీఫోర్ట్రాన్ ఉండే కంపైలర్ల సముదాయం) 8 నుంచి దాని రకం ఇంట్ కాదు, సైజ్_టీ. (శీర్షిక తెలుగులో రాయాలని మాత్రం ప్రయత్నించకండి. పీజీప్లాట్ వాడే హెర్షీ అక్షరాల్లో తెలుగు లేదు. నేను ఒక సాయంత్రమంతా వెతికాను.)

పీజీఓపెన్ దొరకకపోవడం చాలావరకు వరుస సమస్య. మీరు ఇచ్చిన కమాండులో లైబ్రరీలు ముందు, ఆబ్జెక్ట్ ఫైళ్లు (మీ కోడ్ కంపైల్ అయ్యాక వచ్చేవి) తరువాత ఉన్నాయి. లింకర్ ఎడమ నుంచి కుడికి ఒకసారి చదువుకుంటూ పోతుంది. ఆర్కైవ్ (ఆబ్జెక్ట్ ఫైళ్లను కట్టగా కట్టిన లైబ్రరీ) ఎదురైనప్పుడు, అప్పటికే ఎవరో అడిగి ఉన్న భాగాలను మాత్రమే తీసుకుని ముందుకు సాగుతుంది, వెనక్కి తిరిగి రాదు. షేర్డ్ లైబ్రరీలైతే (ప్రోగ్రాం నడిచేటప్పుడు చేరేవి) ఫరవాలేదని అనుకోవద్దు. ఉబుంటులో 11.10 నుంచి, ఆ క్షణానికి అవసరం కనబడని షేర్డ్ లైబ్రరీని కూడా లింకర్ పక్కన పెట్టేస్తుంది. కాబట్టి ముందు మీ ఆబ్జెక్ట్ ఫైళ్లు, తరువాత పీజీప్లాట్, ఆ తరువాత అది అడిగే ఎక్స్11, పీఎన్‌జీ, జెడ్ లైబ్రరీలు, చివరికి జీఫోర్ట్రాన్ రన్‌టైం (కంపైలర్ తన వంతుగా వాడుకునే లైబ్రరీ), గణిత లైబ్రరీ రావాలి. అడిగేది ఎడమన, ఇచ్చేది కుడిన.

మూడో రకం తేలికైనది. జీ++ లింక్ చేసేటప్పుడు సీ++ రన్‌టైంను తానే చేరుస్తుంది కానీ ఫోర్ట్రాన్ రన్‌టైంను చేర్చదు, దాన్ని మీరే చెప్పాలి.

ఇక పెన్‌డ్రైవ్ సంగతి. మీ ప్రశ్నలో నన్ను కలవరపెట్టింది ఇదే. కొన్నేళ్ల క్రితం గుంటూరు బ్రాడీపేటలో ఉంటూ, రోజూ విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరి ఒక చిన్న కన్సల్టెన్సీకి వెళ్లివచ్చేవాడిని. కృష్ణా పశ్చిమ డెల్టా కాలువల అడ్డుకోతలను గీయడం నా పని. లెక్కలు చేసే భాగం ఒక పాత ఆర్కైవ్ రూపంలో చేతికొచ్చింది, సోర్స్ రాలేదు. లింక్ చేస్తే నా సబ్‌రొటీన్ పేరును చివర రెండు అండర్‌స్కోర్లతో అడిగింది. పేరు మధ్యలో అండర్‌స్కోర్ ఉంటే చివర రెండు తగిలించడం పాత ఫోర్ట్రాన్ కంపైలర్ జీ77 పద్ధతి అని అప్పుడు తెలిసింది. 2005లో జీసీసీ 4.0తో జీ77 స్థానంలోకి జీఫోర్ట్రాన్ వచ్చింది. రెండో అండర్‌స్కోర్ పెట్టమని జీఫోర్ట్రాన్‌కు ఒక ఫ్లాగ్ ఇచ్చాను, ఆ ఫిర్యాదు పోయింది. వెంటనే డూ_ఎఫ్ఐఓ, ఎస్_డబ్ల్యూఎస్ఎఫ్ఈ అనే పేర్లు దొరకడం లేదన్నది. అవి జీ77 రన్‌టైంలోవి. ఆ పాత రన్‌టైంను కూడా ఎక్కడినుంచో తెచ్చి తగిలించాను. లింక్ అయింది, విండో తెరుచుకుంది, చాలా సంతోషించాను.

పటంలో ప్రవాహ వైశాల్యం గీత మాత్రం అడుగున ఉన్న అక్షానికి అంటుకుపోయి, ఈ చివరి నుంచి ఆ చివరికి తిన్నగా ఉంది. 12.5 రావలసిన చోట ప్రింట్ చేయించి చూస్తే 0. రియల్ విలువను తిరిగి ఇచ్చే ఫంక్షన్లను జీ77 లోపల డబుల్‌గా (64 బిట్లలో) ఇస్తుంది, జీఫోర్ట్రాన్ మాత్రం ఫ్లోట్‌గా (32 బిట్లలో) అందుకుంటుంది. 64 బిట్ల యంత్రం మీద 12.5ను డబుల్‌గా రాసినప్పుడు కింది 32 బిట్లూ సున్నాలే, నా ప్రోగ్రాం చదువుకున్నది ఆ సున్నాలను. నా పరీక్ష కొలతలన్నీ అర, పావు లెక్కన ఉండడంతో అన్నీ సున్నాలే వచ్చాయి. లేకపోతే అర్థంపర్థం లేని సంఖ్యలు వచ్చి, తప్పు మొదటి రోజే బయటపడేది. పేర్లు కలిసినంత మాత్రాన పిలుపు పద్ధతి కలిసినట్టు కాదని లింకర్ ఎప్పుడూ చెప్పదు, దానికి పేర్లు తప్ప మరేమీ కనబడవు. ఆర్కైవ్ ఇచ్చినవారి దగ్గరి నుంచి చివరికి సోర్స్ తెప్పించుకుని, అంతా ఒకే జీఫోర్ట్రాన్‌తో కంపైల్ చేశాక గీత పైకి లేచింది.

అందుకని, కమాండులో వరుసను సరిచేసే ముందే ఆ పెన్‌డ్రైవ్ ఆర్కైవ్ మీద ఎన్ఎమ్ (ఫైలులోని పేర్ల జాబితాను చూపే కమాండు) నడపండి. ‘యూ’ అక్షరం పక్కనున్నవి అది బయట అడిగే పేర్లు, ‘టీ’ పక్కనున్నవి అది ఇచ్చేవి. పీజీప్లాట్ రొటీన్ల పేర్లలో, పీజీఓపెన్‌లో లాగా, మధ్యన అండర్‌స్కోర్ ఉండదు కాబట్టి వాటిని చూసి జీ77దో కాదో తేల్చలేరు. ‘యూ’ వరుసల్లో డూ_ఎఫ్ఐఓ వంటివి ఉన్నాయా, ‘_జీఫోర్ట్రాన్_’తో మొదలయ్యేవి ఉన్నాయా అని చూడాలి. మొదటివి కనబడితే ఆ ఫైలును వాడవద్దు. ఉబుంటు ప్యాకేజీల భాండాగారాల్లో ఒకటైన మల్టీవర్స్‌లోని పీజీప్లాట్5 ప్యాకేజీని పెట్టుకోండి, లేదా సోర్స్ తీసుకుని మీ కంపైలర్‌తోనే కట్టుకోండి. రెండోవి కనబడితే పైన చెప్పిన వరుస సరిపోతుంది. అప్పటికీ ఏదైనా పేరు మిగిలిపోతే, లింకర్ చూపిన ఆ పేరును ఒక్క అండర్‌స్కోర్ కూడా వదలకుండా ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.