మారుతి 800లో ఏసీ గ్యాసు మార్చాలా, వద్దా?

ప్రశ్న: నాన్నగారు 1994లో కొన్న మారుతి 800 ఏసీ మా ఇంట్లో ఇంకా నడుస్తోంది. నిరుడు వేసవిలో చల్లదనం తగ్గింది, ఈ ఏడు గాలి తప్ప ఏమీ రావడం లేదు. బానెట్ కింద స్టిక్కర్ మీద ఏసీ గ్యాసు ఆర్-12 అని ఉంది. ఒక మెకానిక్ దాని బదులు 134 (ఆర్-134ఎ అనే గ్యాసు) కొట్టేస్తాను, గంట పని అన్నాడు. ఇంకొకాయన కంప్రెసర్‌తో సహా అన్నీ మార్చాల్సిందే అంటున్నాడు. ఎవరి మాట వినాలి?
(గుంటూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఇద్దరి మాటా పూర్తిగా వినకండి. ఏసీ గ్యాసు పెట్రోలులా ఖర్చయిపోయేది కాదు, ఎక్కడో కారితేనే తగ్గుతుంది. ఆ లీకు పట్టుకోకుండా ఏ గ్యాసు ఎక్కించినా వచ్చే వేసవికి మళ్లీ ఇదే ప్రశ్న రాస్తారు. పైపుల జాయింట్ల దగ్గర, కంప్రెసర్ ముందు భాగంలో నూనె మరక మీద దుమ్ము పట్టి నల్లగా ఉందేమో చూడండి, సాధారణంగా దొంగ అక్కడే ఉంటాడు.

ఇక గ్యాసు సంగతి. ఆర్-12 ఓజోన్ పొరను తినేస్తుందని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందంతో దాన్ని వదిలించుకోవడం మొదలైంది, మనలాంటి దేశాలకు 2010 వరకు గడువిచ్చారు. కాబట్టి ఇవాళ ఎవరైనా 'ఒరిజినల్ ఆర్-12' అంటే నేనైతే అనుమానిస్తాను. మీ బండిలో పాత గ్యాసుతో కూలింగ్ బాగుంటే ముట్టుకోవద్దనేవాణ్ణి. ఖాళీ అయిపోయింది కాబట్టి, కంప్రెసర్ చప్పుడు లేకుండా తిరుగుతుంటే, మార్చుకోండి.

కానీ అది గంట పని కాదు. పాత కంప్రెసర్‌లో ఉండే మినరల్ ఆయిల్ 134తో కలవదు, కలవకపోతే నూనె తిరిగి కంప్రెసర్‌కి చేరదు, ఎండిపోయి పట్టేస్తుంది. అందుకని పాత నూనె వీలైనంత తీసేసి ఎస్టర్ ఆయిల్ పోయించాలి, అది మిగిలిపోయిన కాస్త పాత నూనెతో సర్దుకుపోతుంది. గ్యాసులో తేమను పీల్చే డ్రయ్యర్ కొత్తది, 134కి పనికొచ్చేది వేయాలి. విప్పిన ప్రతి జాయింట్‌కీ ఓ రింగులు మార్చాలి. కనీసం అరగంట, ముప్పావుగంట వ్యాక్యూమ్ పెట్టాలి, అంటే పంపుతో లోపలి గాలీ తేమా లాగేయాలి, లేకపోతే లోపల మిగిలిన తేమ, గ్యాసు వెళ్లే సన్నటి దారి అయిన ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లో మంచుగా మారి దారి మూసేస్తుంది. గ్యాసు తూకం వేసి ఎక్కించమనండి, పాత లెక్కలో 80 నుంచి 90 శాతం చాలు. ఎక్కువ పోస్తే ఎక్కువ చల్లదనం రాదు సరికదా, ప్రెషర్ పెరిగి అసలుకే మోసం.

కంప్రెసర్ బాగుంటే దాన్ని మార్చక్కర్లేదు. పట్టేసి ఉంటే మాత్రం వేరే లెక్క, నెలకోసారి గుడికి వెళ్లొచ్చే బండికి అంత ఖర్చు నేను పెట్టను. ఇంకో మాట, మే నెలలో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మునుపటంత చల్లగా ఉండకపోవచ్చు. ఎండ వేడికి 134 ప్రెషర్ ఆర్-12 కంటే ఎక్కువగా లేస్తుంది, గ్యాసు వేడిని బయటికి వదిలే పాత కండెన్సర్ దానికి సరిపోదు. కండెన్సర్ రెక్కల్లో ఇరుక్కున్న దుమ్ము కడిగించి, ఫ్యాన్ సరిగ్గా తిరుగుతోందో లేదో చూసుకుంటే చాలావరకు నయం. 796 సీసీ ఇంజిన్ కదా, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఏసీ ఆపడం మీకు ఎలాగూ అలవాటే!

పని అయ్యాక బానెట్ కింద కొత్త స్టిక్కర్ అంటించమనండి: ఏ గ్యాసు, ఎన్ని గ్రాములు, ఏ ఆయిల్. పాత స్టిక్కర్ చూసి రేపు ఇంకెవరో ఇంకేదో కలిపేస్తే మొత్తం మళ్లీ విప్పాల్సిందే.

ప్రశ్న: వంట గ్యాసు కలిపిన చవక గ్యాసుతో కూలింగ్ అదిరిపోతుందంటున్నారు, నిజమేనా?

జవాబు: కూలింగ్ వస్తుంది, అబద్ధం కాదు. కానీ కూలింగ్ కాయిల్ ఉండేది డ్యాష్‌బోర్డ్ లోపల, మీ మోకాళ్ల ముందు. అద్దాలన్నీ ఎక్కించిన బండిలో అది లీకైతే ఒక్క నిప్పురవ్వ చాలు. వద్దండీ.