డాక్టర్ సలహా: ఎండలో సైకిల్ రేసు, సహాయకుల సంచిలో నొప్పి మాత్రలు ఎందుకు?

ప్రశ్న: నా వయసు 52. మా తమ్ముడు, అతని స్నేహితులు ఏప్రిల్ నెలాఖరులో వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో మౌంటెన్ బైక్ రేసులో పాల్గొంటున్నారు. దారి మధ్యలో నిలబడి వాళ్లకు నీళ్లు అందించే పని నాది. గ్లూకోజ్ పొడి మంచిదా, ఓఆర్‌ఎస్ మంచిదా? తలకు ఎన్ని ప్యాకెట్లు ఉంచాలి? పిక్కలు పట్టేస్తే ఇవ్వడానికి నొప్పి మాత్రలు, ఒళ్లు కాలితే పారాసిటమాల్ కొని పెట్టాను. పోయిన ఏడాది ఒకతను తూలిపోతూ, పొంతన లేకుండా మాట్లాడితే నీడలో పడుకోబెట్టి పారాసిటమాల్ వేశాం. గంటకు తేరుకున్నాడు. నేను బీపీకి మాత్ర వేసుకుంటాను.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ప్యాకెట్ల లెక్క తరువాత చెబుతాను. మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది పోయిన ఏడాది తూలిపోయిన ఆ మనిషి సంగతి. అతను తేరుకోవడం అదృష్టమే తప్ప, మీరు చేసిన చికిత్స ఫలితం కాదని కాస్త కఠినంగానే చెప్పవలసి వస్తోంది. ఎండలో శ్రమిస్తున్న మనిషి తూలినా, పొంతన లేకుండా మాట్లాడినా, ఉన్నట్టుండి చిరాకు పడి గొడవకు దిగినా, వేరే కారణం తేలేదాకా దానిని వడదెబ్బగానే భావించాలి. అప్పుడు శరీరం లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటి ఉండవచ్చు. చెమట ఆగి ఒళ్లు పొడిబారితేనే వడదెబ్బ అన్న నమ్మకం మనలో గట్టిగా ఉంది కానీ, శ్రమ వల్ల వచ్చే వడదెబ్బలో మనిషి చెమటతో తడిసి ముద్దయి కూడా ఉండవచ్చు.

పారాసిటమాల్ ఇక్కడ పనిచేయదు. జ్వరంలో మెదడే శరీర ఉష్ణోగ్రతను పై స్థాయికి నిర్ణయిస్తుంది, ఆ మాత్ర దానిని కిందికి దించుతుంది. వడదెబ్బలో ఆ నిర్ణయం మారదు, కండరాలు పుట్టించిన వేడి బయటికి పోలేక లోపలే పేరుకుపోతుంది. కాబట్టి మాత్రకు చేయడానికి పనేమీ ఉండదు సరికదా, అప్పటికే వేడికి దెబ్బతింటున్న కాలేయంపై భారం పడుతుంది. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో మాత్ర గానీ నీళ్లు గానీ పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం వేరే ఉంది.

చేయవలసింది ఒళ్లు చల్లబరచడం, అదీ అక్కడే, అప్పుడే. ఒకరు 108కి ఫోన్ చేస్తుండగానే మిగిలినవారు ఆ పని మొదలుపెట్టాలి. మొదటి అరగంటలోపు ఉష్ణోగ్రతను 39 డిగ్రీల దరిదాపులకు దించగలిగితే ప్రాణం నిలిచే అవకాశం చాలా మెరుగవుతుంది. కొండదారిలోకి అంబులెన్సు వచ్చేసరికి ఆ అరగంట గడిచిపోవచ్చు. మంచునీళ్లు నింపిన పెద్ద ప్లాస్టిక్ టబ్బులో మెడ వరకు కూర్చోబెట్టడం అన్నిటికంటే వేగవంతమైన పద్ధతి, సుమారు 5 నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున వేడి దిగుతుంది. టబ్బు లేకపోతే లారీలపై కప్పే టార్పాలిన్ చాలు: మనిషిని మధ్యలో పడుకోబెట్టి, నలుగురు నాలుగు అంచులు ఉయ్యాలలా పైకెత్తి పట్టుకుని, లోపల నీళ్లూ ఐసుగడ్డలూ పోసి అటూ ఇటూ కదుపుతూ ఉండాలి. తల పైకి ఉండేలా ఒకరు పట్టుకునే ఉండాలి. వైద్య సిబ్బంది వచ్చి బాధ్యత తీసుకునేదాకా, లేదా మనిషి స్పష్టంగా మాట్లాడుతూ చలికి వణకడం మొదలుపెట్టేదాకా కొనసాగించండి. తేరుకున్నా ఆసుపత్రికి పంపవలసిందే. నుదుటికి గురిపెట్టే థర్మామీటరును మాత్రం నమ్మవద్దు, తడిసిన చర్మంపై అది తక్కువ చూపించి మిమ్మల్ని మోసగిస్తుంది.

ఇక నొప్పి మాత్రలు. రోగులకు చెప్పీ చెప్పీ అలసిపోయిన విషయమే అయినా మళ్లీ రాస్తున్నాను. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు రక్తం తగ్గుతుంది, అప్పుడు వాటి రక్తనాళాలను తెరిచి ఉంచే రసాయనాలను శరీరమే తయారు చేసుకుంటుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు సరిగ్గా ఆ రసాయనాలకే అడ్డుపడతాయి. గంటల తరబడి శ్రమించిన కండరాల నుంచి విడుదలయ్యే వ్యర్థాలు కూడా తోడైతే మూత్రపిండాలు పని ఆపేయవచ్చు. మే నెలలో ఒకసారి ముప్పై ఏళ్లు నిండని యువకుడు డికాషన్ రంగు మూత్రంతో నా దగ్గరికి వచ్చాడు. ముందురోజు ఎండలో చాలా దూరం సైకిల్ తొక్కి, మధ్యలో నొప్పి తెలియకుండా రెండు మాత్రలు వేసుకున్నాడట. కొన్నాళ్లు డయాలిసిస్ చేయవలసి వచ్చింది. మాత్ర ఎవరిచ్చారని అడిగితే, నీళ్లిచ్చే చోట ఒక అన్న ఇచ్చాడన్నాడు. ఆ అన్న మీరు కావద్దు. మందుల దుకాణంలో చీటీ లేకుండా దొరికినంత మాత్రాన అవి చాక్లెట్లు కావు. కొంకర్లు పోతే సైకిల్ దింపి, కండరాన్ని మెల్లగా సాగదీయించి, నీడన కూర్చోబెట్టండి. తమ్ముడు రేసుకు ముందే మాత్ర వేసుకునే అలవాటులో ఉన్నాడేమో అడగండి. జలుబు మాత్రల సంగతి కూడా అడగండి, వాటిలో కొన్ని చెమటను తగ్గిస్తాయి, కొన్ని ఒంట్లో వేడిని పెంచుతాయి. ఆ వారంలో జ్వరం గానీ విరేచనాలు గానీ వచ్చి ఉంటే ఈసారికి రేసు మానుకోమనండి.

మీరు అడిగినదానికి వస్తే, ఓఆర్‌ఎస్ మేలు, గ్లూకోజ్ పొడిలో కావలసినంత ఉప్పు ఉండదు. పెద్ద ప్యాకెట్‌ను పూర్తిగా ఒక లీటరు నీటిలోనే కలపాలి, గ్లాసుడు నీళ్లలో కాదు. పండ్ల రుచుల డబ్బాలు చూసి మోసపోకండి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడిన మీదట, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లేని పానీయాలపై ఓఆర్‌ఎస్ అన్న పేరు వాడకూడదని 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. మూడు గంటల రేసుకు తలకు రెండు ప్యాకెట్లు, మామూలు నీళ్లు విడిగా, ఉప్పు వేసిన పల్చని మజ్జిగ ఉంటే ఇంకా మంచిది. దాహం మేరకు తాగనివ్వండి, బలవంతంగా పోయకండి. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందికి రక్తంలో సోడియం తగ్గినట్టు తేలింది, అతిగా తాగడం అందులో ముఖ్య కారణం. ఆ స్థితిలోనూ తలనొప్పి, వాంతులు, అయోమయం వస్తాయి.

మీరు నిలబడే చోటు పెద్ద ఎక్కుడు ముగిసే దగ్గర ఉండేలా చూసుకోండి. ఎక్కుడులో వేగం తగ్గి ఒంటికి గాలి తగలదు, శ్రమ మాత్రం అక్కడే ఎక్కువ. సీసా అందిస్తూ ‘ఇది ఎన్నో రౌండు?’ అని అడిగి, జవాబు చెప్పడానికి తడుముకునేవారిని ముందుకు పోనివ్వకండి. అయోమయంగా ఉన్న మనిషి హెల్మెట్‌ను కూడా ఒకసారి తిప్పి చూడండి, పగులు కనిపిస్తే తలకు దెబ్బ తగిలిందేమో అనుమానించాలి. మెడ కదపకుండా చూడండి.

ఇవన్నీ మనిషిని చూడకుండా రాసిన సాధారణ సూచనలు, రేసు వైద్య బృందం మాటే అక్కడ చెల్లుతుంది. చివరిగా, మీ బీపీ మాత్ర పేరు రాయలేదు. మూత్రం ఎక్కువగా పోయించే మందు కలిసిన బీపీ మాత్రలు ఎండలో గంటల తరబడి నిలబడేవారికి కళ్లు తిరిగేలా చేయగలవు. సొంతంగా ఆపేయకుండా, ఈ వారంలోనే ఆ స్ట్రిప్ తీసుకెళ్లి మీ డాక్టరుకు చూపించండి.