డాక్టర్ సలహా: బిడ్డను పూడ్చిపెట్టేశాం, ఇప్పుడు జెనెటిక్స్ డాక్టర్ ఏం చేస్తారు?

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. మేనమామ కూతుర్నే చేసుకున్నాను. ఆమెకు 26 ఏళ్లు, మొదటి కాన్పు. ఎనిమిదో నెల స్కానింగ్‌లో బిడ్డ పొట్టలో, గుండె చుట్టూ నీరు చేరిందన్నారు. వారం తిరగకుండానే కదలికలు ఆగిపోయాయి. హన్మకొండలో కాన్పు చేశారు. బిడ్డను అదే రోజు పూడ్చిపెట్టాం. డిశ్చార్జి కాగితంలో జెనెటిక్స్ డాక్టర్‌ను కలవమని రాశారు. బిడ్డే లేనప్పుడు ఇంకేం పరీక్షలని ఇంట్లో అంటున్నారు. గ్రహణం రోజు బయటికి వచ్చిందని మా అమ్మ నా భార్యనే అంటోంది. నా ఫోన్లో ఉన్న బిడ్డ ఫొటో కూడా తీసెయ్యమంటున్నారు. మళ్లీ ఇలాగే అవుతుందా?

సలహా: ముందు ఆ ఫొటో సంగతి. తీసెయ్యకండి. ముఖం తీరు, చెవులున్న చోటు, కాళ్లూ చేతుల పొడవు చూసి జెనెటిక్స్ డాక్టర్లు కొన్ని జబ్బులను అనుమానించగలరు. మీ భార్యకు ఇప్పుడే చూపించనక్కర్లేదు, ఆమె అడిగిన రోజు చూపించండి.

మీరు రాసిన వాటిలో నాకు అన్నిటికంటే పనికొచ్చింది ‘నీరు చేరింది’ అన్న మాట. దీన్ని హైడ్రాప్స్ అంటాం. తల్లి బ్లడ్ గ్రూపు నెగెటివ్, బిడ్డది పాజిటివ్ అయితే రావచ్చు, మొదటి కాన్పులో అది అరుదు. అయినా ఆమె గ్రూపు ఏమిటో చూడండి. ఇన్ఫెక్షన్లు, గుండె లోపాలు, క్రోమోజోముల తేడాలు కూడా కారణం కావచ్చు. మేనరికంలో మేం ప్రత్యేకంగా వెతికేవి ఇంకొన్ని ఉన్నాయి. ఒంట్లో కొన్ని పదార్థాలను కరిగించే ఎంజైమ్ లేక, అవి పేరుకుపోయే స్టోరేజ్ జబ్బులు. బిడ్డకు ఇవి రావాలంటే ఒకే జన్యువులో లోపం తల్లిలోనూ తండ్రిలోనూ ఉండాలి. మీకు బయటికి ఏమీ కనిపించదు. అదే కారణమైతే ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది. ఒకసారి అయిపోయింది కాబట్టి తర్వాతి మూడు కాన్పులకు ఢోకా లేదని కాదు. అలాగని మేనరికం వల్లే ఇలా అయిందని ఇప్పుడే తేల్చేయకండి.

కాన్పు చేసిన ఆస్పత్రికి వెళ్లి మాయను పాథాలజీకి పంపారేమో అడగండి. పంపి ఉంటే రిపోర్టు, మాయ ముక్కలను దాచిపెట్టిన మైనపు బ్లాకులు దొరకవచ్చు. బొడ్డుతాడు ముక్క దాచి ఉంటే ఇంకా మేలు. క్రోమోజోముల్లో ముక్కలు తగ్గాయా, పెరిగాయా అని చూసే క్రోమోజోమల్ మైక్రోఅర్రే పరీక్షకు బతికున్న కణాలు అక్కర్లేదు. ఇవేవీ లేకపోయినా మీ ఇద్దరి రక్తం ఉంది కదా. జన్యువుల్లో ప్రోటీన్ల తయారీకి పనికొచ్చే భాగాలను చదివే ఎక్సోమ్ సీక్వెన్సింగ్ చేసి, ఇద్దరిలోనూ ఒకే జన్యువు దెబ్బతిని ఉందేమో చూస్తారు. ఫలితానికి వారాలు పడుతుంది. అన్నీ చేయించినా కారణం దొరకకపోవచ్చు, ఆ సంగతి తెలిసే వెళ్లండి.

హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. స్కాన్ రిపోర్టులన్నీ పట్టుకుని ఇద్దరూ వెళ్లండి. మొదటి రోజు ఎక్కువగా మాటలే ఉంటాయి. మూడు తరాల్లో ఎవరికి గర్భాలు పోయాయి, ఎవరి పిల్లలు చిన్నప్పుడే చనిపోయారు అని అడిగి వంశవృక్షం గీస్తారు. అందుకే మీ అమ్మను కూడా తీసుకెళ్లమంటాను. మేనమామ కూతురంటే ఆమె పుట్టింటి పిల్లే కదా! బంధుత్వం వల్ల మీ ఇద్దరికీ ఒకే లోపం వచ్చి ఉంటే, అది మీ తాత నుంచో అమ్మమ్మ నుంచో ఒక పక్క మీ అమ్మ ద్వారా మీకు, ఇంకో పక్క మీ మామ ద్వారా మీ భార్యకు చేరి ఉండాలి. ఇందులో ఎవరి తప్పూ లేదు. గ్రహణానికి అసలే సంబంధం లేదు. కోడలిని అనే ముందు ఈ లెక్క మీ అమ్మకు ఒకసారి చెప్పండి, లేదా అక్కడి డాక్టర్‌తో చెప్పించండి.

రిపోర్టులు వచ్చేదాకా మళ్లీ గర్భానికి తొందరపడకండి. జన్యువు దొరికితే తర్వాతి గర్భంలో 11 నుంచి 13 వారాల మధ్య మాయ ముక్క తీసి గానీ, 16 వారాలప్పుడు ఉమ్మనీరు తీసి గానీ పరీక్షించవచ్చు. ఆడా మగా మాత్రం చెప్పరు, చట్టం ఒప్పుకోదు. దొరక్కపోతే దగ్గర దగ్గరగా స్కానింగులు పెట్టుకుని గమనిస్తారు.

ఈలోగా మీ భార్యకు రొమ్ముల్లో పాలు గడ్డకట్టి నొప్పి, జ్వరం ఉంటే కాన్పు చేసిన డాక్టర్‌కు చూపించండి. నిద్ర పట్టకపోయినా, తిండి మానేసినా, బతకాలని లేదన్నా ఆలస్యం చేయకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. డబ్బులు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. మీకు టెన్షన్‌గా ఉన్నా చేయవచ్చు.