బీఫార్మసీలో ఏం చదువుతారు?

ఇంటర్ ఎంపీసీ అయిన తమ్ముడు అడిగాడు: "బీఫార్మసీ అంటే మందుల పేర్లు బట్టీ పట్టడమేనా?" కాదు. 4 ఏళ్లు, 8 సెమిస్టర్లు. ఈఏపీసెట్ (పాత పేరు ఎంసెట్) ద్వారా ఎంపీసీ, బైపీసీ వాళ్లిద్దరూ చేరొచ్చు. ఎంపీసీ వాళ్లకు మొదటి సెమిస్టర్‌లో బయాలజీ, బైపీసీ వాళ్లకు మ్యాథ్స్ అదనంగా చెబుతారు, కాబట్టి భయం అక్కర్లేదు.

మొదట్లో అనాటమీ, కెమిస్ట్రీ. అసలు రుచి తెలిసేది ఫార్మాస్యూటిక్స్, ఫార్మకాలజీలో. మందు ఒంట్లో ఏం చేస్తుందో ఫార్మకాలజీ చెబుతుంది. దాన్ని మాత్రగానో, సిరప్‌గానో, ఇంజెక్షన్‌గానో ఎలా తయారుచేయాలో ఫార్మాస్యూటిక్స్ నేర్పుతుంది. ల్యాబ్‌లో మాత్రను శరీర ఉష్ణోగ్రత, అంటే 37 డిగ్రీల ద్రవంలో వేస్తారు. కొన్ని నిమిషాలకోసారి కాస్త ద్రవం తీసి, మందు ఎంత కరిగిందో కొలుస్తారు. కరగని మాత్ర మింగినా పనిచేయదని అప్పుడు కళ్లారా అర్థమవుతుంది.

ఫార్మకోగ్నసీలో, అంటే మొక్కల వంటి సహజ వనరుల నుంచి వచ్చే మందుల గురించిన సబ్జెక్టులో, దాల్చినచెక్క, సునాముఖి ఆకు వంటివాటిని పల్చగా కోసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. మందుల చట్టాలూ ఉంటాయి. చివరి సెమిస్టర్‌లో ప్రాజెక్టు.

నా సలహా ఒకటే: ఆర్గానిక్ కెమిస్ట్రీని మొదటి ఏడాది నుంచే గట్టిగా పట్టుకో. తర్వాత వచ్చే మెడిసినల్ కెమిస్ట్రీ అంతా దాని మీదే నిలబడుతుంది.