నీటి పక్కన చలి ఎంత తగ్గుతుంది? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి వాళ్ళు అమెరికాలో మిషిగన్ రాష్ట్రం నడుమనున్న లాన్సింగ్ నుంచి, మిషిగన్ సరస్సు తూర్పు ఒడ్డునున్న సౌత్ హేవెన్ పట్నానికి మారారు. అక్కడి నర్సరీలో ‘ఇది 6బి జోన్, సరస్సు పుణ్యమా అని ఇక్కడ చలి తక్కువ’ అన్నారట. జోన్ అంటే ఏమిటి? నీరు నిజంగా చలిని తగ్గిస్తుందా? తగ్గిస్తే, కుండీలో ఉన్న కరివేపాకు మొక్కను పెరట్లో నాటుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను. నాటవద్దనండి. కారణం తెలియాలంటే జోన్ లెక్క ఏమిటో చూడాలి.

అమెరికా వ్యవసాయ శాఖ ఆ దేశాన్ని చలిని బట్టి 13 జోన్లుగా విభజించి పటం తయారు చేసింది. అంకె పెరిగేకొద్దీ చలి తగ్గుతుంది. ఒక్కో జోన్ వెడల్పు 10 ఫారెన్‌హీట్ డిగ్రీలు, అంటే సుమారు 5.5 సెల్సియస్ డిగ్రీలు. దాన్ని మళ్ళీ ఎ, బి అని రెండు సగాలు చేశారు, వాటిలో చలి తక్కువున్నది బి. ప్రతి ఏటా చలికాలంలో అన్నిటికన్నా చల్లగా ఉన్న ఒక్క రాత్రి ఉష్ణోగ్రతను తీసుకుని, అలాంటి 30 ఏళ్ళ అంకెలకు సగటు కడితే వచ్చేదే ఆ ఊరి జోన్. 2023లో విడుదలైన పటానికి 1991 నుంచి 2020 వరకు నమోదైన వివరాలు ఆధారం. 6బి అంటే ఆ సగటు సెల్సియస్‌లో సున్నాకు దిగువన సుమారు 18 నుంచి 20.5 డిగ్రీల మధ్య ఉందని అర్థం. ‘చలి తక్కువ’ అని నర్సరీవాళ్ళు అన్నది ఆ రాష్ట్రంలోని తక్కిన ప్రాంతాలతో పోల్చి మాత్రమే. ఉత్తర మిషిగన్‌లో సరస్సులకు దూరంగా ఉన్న ఊళ్ళు 4, 5 జోన్లలోకి దిగిపోతాయి.

నీరు చలిని తగ్గించే మాట నిజమే. ఒక కిలో నీరు ఒక డిగ్రీ చల్లబడేటప్పుడు, అంతే బరువున్న పొడి మట్టి వదిలేదానికి దాదాపు ఐదు రెట్ల వేడిని వదులుతుంది. అయితే అసలు బలం ఈ ఐదు రెట్లలో కంటే నీరు కదలడంలో ఉందని నా అభిప్రాయం. నేల రాత్రి చల్లబడితే పైపొర మాత్రమే చల్లబడుతుంది, కింది వేడి మట్టిలోంచి నెమ్మదిగా గానీ పైకి రాదు. సరస్సులో అలా కాదు. పైన చల్లబడిన నీరు బరువెక్కి కిందికి దిగుతుంది, దాని చోటులోకి అడుగునున్న వెచ్చని నీరు వస్తుంది. నీరంతా 4 డిగ్రీలకు చేరేవరకూ ఈ మార్పిడి సాగుతూనే ఉంటుంది. సగటున 85 మీటర్ల లోతున్న మిషిగన్ సరస్సు వేసవంతా దాచుకున్న వేడిని డిసెంబరు, జనవరి దాకా ఖర్చు పెట్టుకోగలగడం అందువల్లనే.

కానీ ఆ వేడి మీ అమ్మాయి ఇంటికి చేరాలంటే గాలి మోసుకురావాలి. అక్కడ చలికాలపు గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది. సరస్సుకు పడమటనున్న విస్కాన్సిన్ రాష్ట్రం మీదుగా వచ్చిన కొరికే గాలి దాదాపు 100 కిలోమీటర్ల నీటిని దాటే సరికి కొంత వెచ్చబడి, తడిని కూడా పీల్చుకుని తూర్పు ఒడ్డు చేరుతుంది. ఆ తడి మేఘాలై రాత్రుళ్ళు నేల వేడి ఆకాశంలోకి పోకుండా అడ్డుపడుతుంది. పడమటి ఒడ్డునున్న మిల్వాకీకి ఇంత లాభం లేదు. కాబట్టి ‘నీటి పక్కన’ అన్నప్పుడు నీటికి ఏ పక్కన అని అడగడం తప్పనిసరి. ఫ్లోరిడాలో నారింజ రైతులు చెరువులకు దక్షిణ, ఆగ్నేయపు ఒడ్లను ఎంచుకునేవారు, ఎందుకంటే అక్కడ మొక్కలను చంపే గాలి ఉత్తర, వాయవ్య దిశల నుంచి వస్తుంది.

ఇంకో షరతు కూడా ఉంది. నీరు నీరుగా ఉండాలి. గడ్డకట్టేటప్పుడు నీరు గ్రాముకు 80 క్యాలరీల చొప్పున వేడిని వదులుతుంది, అది మేలే. కానీ మంచు పలక పూర్తిగా పరుచుకుని దాని మీద హిమం పడ్డాక, గాలికీ నీటికీ సంబంధం తెగిపోయి, సరస్సు మామూలు మైదానంలాగే ప్రవర్తిస్తుంది. 2014 మార్చి నాటికి మిషిగన్ సరస్సులో 90 శాతానికి పైగా గడ్డకట్టింది. ఆ చలికాలంలో సరస్సును నమ్ముకున్న ద్రాక్ష తోటలు బాగా దెబ్బతిన్నాయి. జోన్ అంకె 30 ఏళ్ళ సగటు కాబట్టి అలాంటి ఏడాది అందులో కలిసిపోతుంది గానీ, ఆ ఏడాది చచ్చిన తీగ తిరిగి రాదు.

జోన్ అంకెలో అసలు కనిపించని మేలు మరొకటి ఉంది. వసంతంలో సరస్సు చల్లగా ఉండి ఒడ్డుని కూడా చల్లగానే ఉంచుతుంది, దాంతో మొగ్గలు ఆలస్యంగా విచ్చుకుని చివరి మంచు రాత్రుల నుంచి తప్పించుకుంటాయి. మిషిగన్ ఉత్తరాన ట్రావర్స్ సిటీ చుట్టూ చెర్రీ తోటలు, దక్షిణాన సౌత్ హేవెన్ దగ్గర బ్లూబెర్రీ, పీచ్ తోటలు బతికి బట్టకట్టడానికి ఇది తక్కువ కారణమేమీ కాదు. ఈ రక్షణకూ హద్దుంది. 2012 మార్చిలో అక్కడ వేసవిని తలపించే ఎండలు కాసి చెర్రీ మొగ్గలు వారాల ముందే విచ్చుకోగా, ఏప్రిల్‌లో పడిన మంచుకు ఆ రాష్ట్రంలో పుల్ల చెర్రీ పంట దాదాపు 90 శాతం పోయింది. ఆ రైతులను ముంచింది జనవరి చలి కాదు.

ఇక కరివేపాకు. అది నేలలో ఏడాదంతా నిలవాలంటే 9 లేదా 10వ జోన్ కావాలి. లాన్సింగ్‌కూ సౌత్ హేవెన్‌కూ సరస్సు తెచ్చే తేడా సగం జోన్, మహా అయితే ఒక జోన్. కుండీని మే చివర బయట పెట్టి, రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగకముందే, అంటే సాధారణంగా సెప్టెంబరులోనే, ఎండ తగిలే కిటికీ పక్కకు చేర్చమనండి. లోపల ఆకు రాలినా కంగారుపడి నీళ్ళు ఎక్కువ పోయవద్దు. చలికాలంలో ఇళ్ళల్లోని కరివేపాకు ఎండిపోవడం కంటే వేరు కుళ్ళి చావడమే ఎక్కువ.

ప్రశ్న: మా పొలం ఊరి చెరువు కిందే ఉంది. అయినా డిసెంబరులో యాసంగి నారు ఎర్రబడి ఎదగడం లేదు. చెరువు పక్కనుంటే చలి తగ్గాలి కదా?
– ఒక రైతు, కరీంనగర్ జిల్లా

జవాబు: మీ చెరువుకు సరస్సుకున్న లోతూ లేదు, గాలి వెచ్చబడటానికి కావలసినంత వెడల్పూ లేదు. చిన్న చెరువు వెచ్చదనం గట్టు దాటి కొద్ది దూరం పోయేసరికి తేలిపోతుంది. పైగా చెరువు కింది భూములు పల్లంలో ఉంటాయి. గాలి కదలని రాత్రుళ్ళు చల్లని గాలి బరువుగా ఉండి మెరక నుంచి జారి ఆ పల్లంలోనే నిలుస్తుంది. అందువల్ల మీ మడి మెరక చేను కంటే చల్లగా ఉన్నా ఆశ్చర్యం లేదు.

నీటిని చెరువులో కాక మడిలోనే వాడుకోండి. సాయంత్రం నారుమడిలో పలుచగా నీరు నిలిపితే రాత్రి అది తన వేడిని నారుకు అందిస్తుంది. తెల్లవారేసరికి చల్లబడిన ఆ నీటిని తీసేసి కొత్త నీరు పెట్టాలి. చలికాలంలో బోరు నీరు చెరువు నీటికంటే వెచ్చగా ఉంటుంది, కాబట్టి బోరు ఉంటే అదే పెట్టండి. రాత్రి పాలిథీన్ షీటు కప్పితే దానికి కర్రల ఊతమిచ్చి, ఆకులకు తగలకుండా చూసి, ఎండ రాగానే తీసేయండి. నారు ఎర్రబడటానికి జింకు లోపం కూడా కారణం కావచ్చు, కనుక మీ మండల వ్యవసాయ అధికారికి ఒకసారి మొక్క చూపించండి.

ప్రశ్న: ఈ జోన్ లెక్క మనకు పనికొస్తుందా?
– విశాఖపట్నం పాఠకుడు

జవాబు: లెక్క కడితే సముద్రం పక్కనున్న విశాఖ 12 లేదా 13కు వస్తుంది, కొన్ని రాత్రుళ్ళు 6 డిగ్రీల కంటే దిగువకు పోయే ఆదిలాబాద్ 11 దగ్గర ఆగుతుంది. మన మామిడినీ కొబ్బరినీ నిర్ణయించేవి మే నెల ఎండ, వాన, నేల స్వభావం. ఆ మూడూ ఈ అంకెలో లేవు.